ఏ చిత్రమునకు ప్రతి?

1628వ సంవత్సరము శరత్కాలమున, స్పెయిను, ఇంగ్లండు రాజ్యముల నడుమ సంధి పొసగించు రాయబారమునకై మాడ్రిడ్ నగరమునకు వచ్చిన ఫ్లాండర్సు చిత్రకారుడు పీటర్ పాల్ రూబెన్స్, రాచకార్యము నెలల తరబడి తెమలకుండుటచే, తనకు చిక్కిన తీరికనంతయు నాలుగవ ఫిలిప్పు రాజు సొత్తైన టిషియన్ చిత్రములకు ప్రతులు వ్రాయుటయందే వినియోగించెను. అప్పటి కాతనికి 51 ఏండ్లు. ఐరోపాలోని రాజులును రాణులును ఆతని కుంచె పనికై కాచుకొని యుండిరి. ఆంట్వెర్ప్‌లోని ఆతని కర్మశాలలో శిష్యబృందము పని చేయుచుండెను. అట్టివాడు చదువుకొను కుఱ్ఱవానివలె, అర్ధశతాబ్దమునకు పూర్వమే గతించిన మఱియొక చిత్రకారుని పటము నెదుట నిలిచి, గీతకు గీతగా, ఛాయకు ఛాయగా ఎత్తి వ్రాసికొనుటను, 29 ఏండ్ల ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ దగ్గఱనుండి చూచుచుండెను.

ఆ ప్రతులలో నొకటి ‘యూరోపా అపహరణము’. రోమను కవి ఓవిడ్ చెప్పిన కథ యిది: దేవరాజైన జూపిటర్ తెల్లని ఆబోతు రూపము ధరించి, ఫినీషియా తీరమున చెలికత్తెలతో ఆడుకొనుచున్న రాజకుమారిని వీపున నెక్కించుకొని, సముద్రము నీదుకొనుచు క్రీటు ద్వీపమునకు కొనిపోవును. వెనిస్ నగరపు టిషియన్ దీనిని 1559–1562 నడుమ రెండవ ఫిలిప్పునకై చిత్రించెను; ఆ రాజునకై ఓవిడ్ కథలనుండి తాను వ్రాసిన ఆఱు పటముల వరుసలో నిది కడపటిది. రూబెన్స్ తన ప్రతిని అమ్ముకొనలేదు. 1640లో ఆతడు మరణించిన పిదప స్పెయిను రాజే దానిని కొనెను గావున మూలమును ప్రతియు కొన్ని దశాబ్దములు ఒకే సింహాసనపు సొత్తై యుండినవి. తరువాత 18వ శతాబ్ది ఆరంభమున మూలము బహుమానముగా ఫ్రాన్సునకు తరలి, అటనుండి ఇంగ్లండునకు పోయి, 1896లో కళావిమర్శకుడు బెర్నార్డ్ బెరెన్సన్ మధ్యవర్తిత్వమున బోస్టను నగరవాసిని ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ చేత చిక్కెను. ప్రతి మాత్రము మాడ్రిడ్‌లోని ప్రాడో ప్రదర్శనశాలలో నేటికిని కలదు. మూలము దేశాంతరము పట్టిపోగా ప్రతి యింటిపట్టున మిగిలినది!

చేతితో ప్రతి వ్రాయుట యనగా కంటికి కనబడుదానిని కాన్వాసుపై దించుటయే గదా యని మనకు తోచును. ఛాయాగ్రహణ యంత్రము చేయునది అదియే. పైపొరనుండి వచ్చిన వెలుతురును పట్టుకొని ఊరకుండును. కుంచె పట్టినవాని కట్లు కుదరదు. తైలవర్ణ చిత్రము ఒక పొర కాదు. అడుగున పూత, దానిపై నలుపు తెలుపుల రూపకల్పన, ఆపైన శరీరవర్ణములు, వాని మీద పలుచని పారదర్శకలేపములు, అన్నిటికి పైని వార్నిషు. కన్ను మీదినుండి క్రిందికి చూచును. చేయి క్రిందినుండి మీదికి కట్టుకొని రావలెను. కనుక ప్రతి వ్రాయువాడు తాను చూడని పొరలను ఊహించి, వానిని మొదట వ్రాసి, తుదకు తాను చూచిన పొరను చేరవలసియుండును. ఈ విషయము సరిగా బోధపడవలెనన్న నూనె స్వభావమును కొంత తెలిసికొనవలెను.

చిత్రకారులు రంగుపొడిని నూఱునది అవిసెగింజల నూనెతోను, కొన్నియెడల అక్రోటు నూనెతోను. నీటిరంగు నీరు ఆవిరియై పోవుటచే ఆరును. అవిసెనూనె ఆరుట యనునది ఆవిరియగుట కానేకాదు. అది గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని, తన యణువులను ఒండొంటితో ముడివేసికొని, ద్రవమునుండి దృఢమైన పొరగా మాఱును. అందుచే ఆరునపుడు దాని బరువు తగ్గుటకు మాఱుగా మొదట పెరుగును. ఈ గుణమునకు మూలము లినోలెనిక్ ఆమ్లము. దాని కర్బనశృంఖలలో మూడు ద్విబంధములుండుటచే ఆమ్లజని కట్టి చేరుటకు తావు దొరకును. కొబ్బరినూనెలో నట్టి తావులు దాదాపు లేవు గావున దానితో రంగు నూఱి వ్రాసినచో ఏడాదికైనను చేతికంటును. అవిసెనూనె పొర కొద్ది దినములలో తాకిన నంటని స్థితికి వచ్చునుగాని లోపలి రసాయనక్రియ దశాబ్దములు సాగుచునే యుండును. ఇందుండియే చిత్రకారుల పాత నియమ మొకటి పుట్టినది: క్రిందిపొరలో నూనె తక్కువగాను, పైపొరలో ఎక్కువగాను ఉండవలెను. ఈ వరుస తప్పినచో క్రింద ఇంకను కదలుచున్న మెత్తని పొరపై గట్టిపడిన పైపొర నిలువలేక బీటలువాఱును. త్వరపడి వ్రాసిన ప్రతులు పెక్కు కొద్ది యేండ్లలోనే పగుళ్లు చూపుటకు ఇదియొక కారణము.

ఇక వెలుతురు సంగతి. ఒక పొడి తెల్లగా గాని దట్టముగా గాని కనబడుట దాని వక్రీభవన గుణకమునకును (అనగా వెలుతురును వంచు పాటికిని), అది మునిగియున్న ద్రవము యొక్క గుణకమునకును గల భేదముపై ఆధారపడును. అవిసెనూనె గుణకము సుమారు 1.48. సీసపు తెలుపు గుణకము దాదాపు 2.0; కావున అది నూనెలో కూడ వెలుతురును చెదరగొట్టి తెల్లగా నిలుచును. గోడకు తెల్లగా నుండు సీమసున్నపు పొడి గుణకము 1.6 లోపలిదే గావున నూనెలో వేయగానే మాసిన జిగురువలె వెలవెలబోవును. ఆఫ్ఘనిస్తానమునందలి బదఖ్షాన్ గనులనుండి వెనిస్ రేవునకు వచ్చుచుండిన రాజావర్తపు నీలము గుణకము 1.5 చేరువ, కావున నూనెలో నది పారదర్శకమై, నల్లబడినట్లు లోతుగా కనబడును. వెనిస్ చిత్రకారులు ఈ లోపమునే గుణముగా మలచుకొనిరి. తెల్లని పొరపై పారదర్శకమైన నీలమునో లక్కయెఱుపునో పలుచగా పూసినచో, వెలుతురు ఆ రంగుగుండ దిగి, క్రింది తెలుపును తాకి, మరల ఆ రంగుగుండనే వెలికి వచ్చును. రెండుమాఱులు వడగట్టబడిన యా వెలుతురునకు గల నిండుదనము, అదే రంగును తెలుపుతో కలిపి ఒక్కసారిగా పూసినచో రానేరదు. పళ్లెములో కలిపిన రంగు పగటివేళ ఎంత సరిపోలినను, ప్రతి నిర్జీవముగా నున్నదని చూపరులు అనుకొనుటకు తఱచుగా నిదియే హేతువు.

రూపము నెక్కించుటకు మాత్రము ఉపాయములు సులభమైనవే. మూలముపై చదరపు గళ్లను దారములతో ఏర్పఱచి, ఆ లెక్కన తన కాన్వాసుపై గీసికొని గడికి గడిగా దింపుట, లేదా కాగితముపై తీసిన ఆకృతిని సూదితో బెజ్జములు పొడిచి బొగ్గుపొడి అద్దుట. మనయూళ్లలో ముగ్గుపొడితోను, అద్దకపువారి యొద్దను ఇట్టి పనులు చూచినవారికి దీనిని విస్తరింప నక్కఱలేదు.

కష్టమంతయు కాలముతో వచ్చినది. ఏ ప్రతికర్తయైనను నూఱేండ్లనాటి చిత్రము నెదుట నిలిచినపుడు తానెఱుగకయే ఒక ప్రశ్నకు జవాబు చెప్పుచుండును: చిత్రకారుడు వ్రాసిన చిత్రమునకు ప్రతి వ్రాయవలెనా, కాలము మార్చిన చిత్రమునకా? ఈ రెండును ఒకటి కావు. రాగిచిలుమును వృక్షనిర్యాసముతో కలిపి చేసిన ఆకుపచ్చ, వ్రాసిన కొత్తలో మరకతమువలె నుండి, క్రమముగా గోధుమవన్నెకు తిరుగును. నేడు మనకు ఆకురాలు కాలపు చెట్లవలె కనబడు పాత పటములయందలి వృక్షములు పెక్కు మొదట వసంతకాలపు చెట్లే. కోబాల్టు కలిపిన గాజును పొడిచేసి వాడిన చవుక నీలమునుండి పొటాసియము నూనెలోనికి జారిపోగా, కోబాల్టు చుట్టునుండు పరమాణువుల అమరిక మాఱి, ఆకాశము బూడిదవన్నె పట్టును. సీసపు తెలుపు నూనెలోని ఆమ్లములతో కలిసి సీసపు సబ్బులుగా మాఱినకొలది పొర పారదర్శకమగును. అప్పుడు చిత్రకారుడు వ్రాసి, నచ్చక కప్పివేసిన పాత గీతలు శతాబ్దముల పిమ్మట పైకి తేలును. అన్నిటిపై గుగ్గిలము వంటి నిర్యాసముతో పూసిన వార్నిషు పసుపుబాఱి, నీలములను పచ్చలుగాను, తెలుపులను తేనెవన్నెగాను చూపును. పూర్వచిత్రకారుల ‘బంగారు కాంతి’ని మెచ్చుకొని 19వ శతాబ్దమున వ్రాసిన వ్యాసములలో, నాకు తెలిసినంతలో, సగము పొగడ్త ఈ వార్నిషునకే చెందవలసినది.

టిషియన్ 1520–1523 నడుమ ఫెరారా ప్రభువునకై వ్రాసిన ‘బేకస్, ఆరియాడ్ని’ పటము దీనికి మంచి తార్కాణము. లండనులోని నేషనల్ గ్యాలరీ దీనిని 1826లో కొనినది. 1967–1969 నడుమ దాని పాత వార్నిషును తొలగించినపుడు బయటపడిన ఆకాశపు నీలము ఎంత తీక్ష్ణముగా నుండెననగా, శుద్ధిచేయువారు చిత్రమును పాడుచేసిరని కొందఱు విమర్శకులు నొచ్చుకొనిరి. వారికి అలవడిన టిషియన్ పసుపు టిషియన్. అంతకు ముందు తరములలో ఆ పటమును చూచి వ్రాసికొన్న ప్రతులన్నియు నాటినుండి వేఱొక చిత్రమునకు ప్రతులైపోయినవి. యూరోపాను సైతము గార్డ్‌నర్ ప్రదర్శనశాలవారు ఇటీవల శుద్ధిచేసిరి. అట్లు శుద్ధిచేయబడిన పటము 2021లో మాడ్రిడ్‌కు ప్రదర్శనార్థము వచ్చినది. రూబెన్స్ చూచినది వ్రాసి డెబ్బది యేండ్లయినను నిండని చిత్రము గావున, రంగుల విషయమున ఆతని సాక్ష్యము మన కంటి సాక్ష్యముకంటె పాతది. కాని ఆ సాక్షి ఉన్నదున్నట్లు చెప్పినవాడు కాడు. టిషియన్ వార్ధక్యమున వెడల్పు కుంచెతో విఱుగగొట్టినట్లు వ్రాసెననియు, దగ్గఱినుండి మచ్చలుగా నుండి దూరమునుండి రూపు కట్టుననియు చిత్రకారుల జీవితములు వ్రాసిన ఇటలీవాడు వసారి తన 1568 నాటి గ్రంథమున వర్ణించియున్నాడు. రూబెన్స్ ఆ మచ్చలను కుదుర్చెను. అంచులకు తేటదనము వచ్చెను, దేహములు నునుపుదేఱి నిండుకొనెను. అది దోషమని నేనననుగాని, దానిని మూలమునకు అద్దముగా భావించుట పొరపాటు.

మూలమే నశించినపుడు ప్రతి విలువ మఱియొక తీరుగ నుండును. లియొనార్డో డా వించి ‘లీడా, హంస’ చిత్రము నేడు లేదు. జూపిటర్ హంసరూపమున లీడా నాశ్రయించుటయు, గ్రుడ్లనుండి శిశువులు పుట్టుటయు దాని కథ. 1625లో కస్సియానో దాల్ పొజ్జో అను ఇటలీ విద్వాంసుడు ఫ్రాన్సులోని ఫొంటెన్‌బ్లో ప్రాసాదమున దానిని చూచి, మూడు పలకలతో కూర్చిన యా చిత్రము చెడిపోవుచున్నదని వ్రాసి పెట్టెను. ఆ తరువాత దాని జాడ తెలియరాలేదు. ఇంగ్లండులోని విల్టన్ హౌసునందు చెసారె దా సెస్టో వ్రాసినదని చెప్పబడు ప్రతి, ఫ్లారెన్సు ఉఫీజి యందలిది, రోమునగరపు బోర్గీసు సంగ్రహమునందలిది, రాఫేలు వ్రాసికొన్న చిన్న రేఖాచిత్రము, ఇవి చేరి మనకు లియొనార్డోను నిలువబెట్టుచున్నవి. సి. పి. బ్రౌన్ పండితులను కూర్చుండబెట్టి, తాళపత్రప్రతులను సరిపోల్చి, తెలుగు కావ్యములకు శుద్ధప్రతులు వ్రాయించినప్పుడు అనుసరించిన మార్గమే కళాచరిత్రకారులును ఇక్కడ పట్టిరి: పలు ప్రతులలో ఏకరీతిగా నున్నది మూలముది, తావు తావున మాఱునది లేఖకునిది. లీడా నడుము వంపు, మోము త్రిప్పిన తీరు అన్నిటిలోను దాదాపు సమానము; వెనుకటి కొండలు, చెట్లు ఎవరి కిష్టమైనట్లు వారు వ్రాసిరి. కనుక భంగిమ లియొనార్డోది, ప్రకృతి ప్రతికర్తలది.

ప్రతిని మూలమునుండి వేఱుచేయుటకు నేడు యంత్రములు తోడ్పడుచున్నవి. సీసము ఎక్స్‌-కిరణములను అడ్డగించును గావున సీసపు తెలుపుతో వ్రాసిన క్రిందిపొరలు ఎక్స్‌-కిరణచిత్రమున తెల్లగా అగపడును. పరారుణకాంతి పైరంగులనేకమును చొచ్చుకొనిపోయి, బొగ్గుగీతలు పీల్చుకొన్నచోట నల్లగా నిలుచును గావున మొదటి రేఖలు తేటపడును. మూలచిత్రములో చేయి స్థానము మార్చుట, తల వాలు దిద్దుట వంటి తడబాట్లు ఉండును. ప్రతికర్తకు ముగింపు ముందే తెలియును గనుక ఆతని క్రిందిపొర నిష్కళంకముగా నుండును. తప్పులే కర్తృత్వమునకు ఋజువులగుట శాస్త్రమునందలి వినోదములలో నొకటి. ఐనను ఈ సూత్రమునకు అపవాదము కలదు: ప్రాడోలోని మోనాలీసా ప్రతిని 2012లో శుద్ధిచేసి పరారుణకాంతిలో పరీక్షింపగా, లూవ్రులోని మూలమునందు లియొనార్డో చేసిన దిద్దుబాట్లే దాని యడుగునను కనబడినవి. గురువు దిద్దుచుండగా ప్రక్కనే నిలిచి శిష్యుడును దిద్దుచుండెనన్నమాట. రంగులును కాలమును చెప్పును. సీసమును తగరమును కలిపి చేసిన పసుపు 18వ శతాబ్దమధ్యమునకు వాడుక తప్పి, పేరుసైతము మఱపునబడి, 1941లో రిచర్డ్ యకోబి పరిశోధనవలన మరల తెలియవచ్చినది. ఆ నడుమ వ్రాసిన ప్రతియందు అది యుండుట అసంభవము.

నేటి సంగతి వేఱు. చైనాదేశమున షెన్‌జెన్ నగరమునందలి దాఫెన్ అను పల్లెకు 1989లో హాంకాంగ్ వర్తకుడు హ్వాంగ్ జ్యాంగ్ కొందఱు చిత్రకారులతో వచ్చి ప్రతులు వ్రాయించుట మొదలిడగా, ఇరువదియేండ్లలో అది వేలకొలది కుంచెల ఊరయ్యెను. పెద్ద పనులలో ఒకడు ఆకాశమును, మఱియొకడు వృక్షములను, వేఱొకడు మోములను వరుసగా నింపుదురు. వారి యెదుట నుండునది పటము కాదు, అచ్చుబొమ్మయో తెరబొమ్మయో. బొట్టిచెల్లి ‘వీనస్ జననము’ తైలవర్ణప్రతులు ఇట్టి విపణిలో విశేషముగా అమ్ముడుపోవును. విచిత్రమేమనగా, మూలము తైలవర్ణచిత్రమే కాదు! అది కాన్వాసుపై టెంపెరాతో, అనగా నూనెకు బదులు గ్రుడ్డుసొన వంటి బంకతో కలిపిన రంగుతో, వ్రాసినది. టెంపెరా నిమిషములలో ఆరును గావున ఛాయలను కలిపి నునుపుచేయుటకు వ్యవధి దొరకదు. సన్నని గీతలను ప్రక్కప్రక్కన పేర్చి క్రమమును తేవలెను. నూనెలో వ్రాసిన వీనస్ మెత్తగా, తళుకుగా నుండును. మూలము నిగనిగలు లేని వెలుతురులో నిలిచియుండును. ఫ్లారెన్సులో మూలమును చూచినపుడు ప్రతికి అలవడిన కన్ను నిరాశపడినను ఆశ్చర్యము లేదు.

వర్ణద్రవ్యములును మాఱినవి. సీసపు తెలుపు విషము గనుక మొదటి ప్రపంచయుద్ధమునకు పిమ్మట వాడుకలోనికి వచ్చిన టైటానియము తెలుపే నేడు సర్వత్ర కలదు; దాని గుణకము 2.7 వఱకు పోవును గావున అది మితిమీఱి కప్పును, చర్మపు ఛాయలను సుద్దగా చేయును. అదియునుగాక, రాజావర్తమునకు బదులు కృత్రిమవర్ణమును కలిపి దీపపు వెలుతురులో సరిగా కుదిర్చిన నీలము, కిటికీ దగ్గఱకు రాగానే మూలమునుండి విడిపోవచ్చును; రెండు రంగులు కంటికి ఒకే తీరుగ తోచినను, అవి తిరుగగొట్టు కాంతితరంగముల పాళ్లు భిన్నములై, వెలుతురు మాఱినపుడు ఆ భేదము బయల్పడును. 1793లో ప్రజలకు తెఱచిన నాటినుండి ప్రతికర్తలకు చోటిచ్చుచున్న లూవ్రులో, మూలముకంటె ప్రతి కొలత కనీసము ఐదవవంతు హెచ్చుగనో తగ్గుగనో ఉండవలెననియు, చిత్రకారుని సంతకము ఎత్తి వ్రాయరాదనియు నియమము పెట్టిరి. కొలతలో భేదముండిన చాలు, మోసమునకు దారి మూసికొనును.

మన యిండ్లలోని లక్ష్మీసరస్వతుల పటములు కూడ ఈ వంశమునకు దూరపు చుట్టములే. రవివర్మ తైలవర్ణములను 1894లో బొంబాయి చేరువను స్థాపించిన ముద్రణాలయమున అచ్చువేయుటకు, శిలాముద్రణ నిపుణులు ఒక్కొక్క రంగును కంటితో విడదీసి, రంగు కొక ఱాయి చొప్పున చేతితో చుక్కలు పెట్టి తయారుచేయవలసి వచ్చెను. దాఫెన్‌లో జరుగు పనికంటె నిది యెక్కువ శాస్త్రీయమని నా యభిప్రాయము. చిత్రమును పొరలుగా విప్పి చూచినవా రా అచ్చుపనివారు.

సంతకమును దొంగిలించిన ప్రతులకు ఇపుడొక క్రొత్త పరీక్ష వచ్చినది. 1950, 60 దశకములలో జరిగిన అణ్వస్త్రపరీక్షలచే వాతావరణమునందలి కార్బన్-14 దాదాపు ఇనుమడించి, 1963 తరువాత క్రమముగా దిగినది. అవిసెపైరు ఆ గాలినే పీల్చి గింజలో దాచును గావున, నూనె ఏ యేట పండిన పంటదో రంగుపొరయే చెప్పగలదు. 2019లో జూరిచ్ సాంకేతిక విద్యాలయ శాస్త్రజ్ఞులు, 1866 తేదీతో నున్న ఒక అమెరికా గ్రామదృశ్యమునుండి మిల్లిగ్రాముకంటె తక్కువ రంగును తీసి పరీక్షించిరి. కాన్వాసు నిజముగా పాతదే. నూనె మాత్రము 1958–1961 నడుమనో, 1983–1989 నడుమనో పండిన గింజలదని తేలెను. కార్బన్ మట్టము ఎక్కునప్పుడొకమాఱు, దిగునప్పుడొకమాఱు ఒకే స్థానమును దాటుటచే ఈ రెండు కాలములు వచ్చినవి. దానిని 1980 దశకమున తానే వ్రాసితినని కూటచిత్రకారుడు అంతకు మునుపే ఒప్పుకొనియుండెను.